చదువుతుంది, రాయదు: ఒక డీవీడీ రైటర్, పద్నాలుగు చెడిన డిస్కులు

"లేజర్ పోయిందన్నారండీ. కొత్తది కొనేముందు ఒకసారి మీకు చూపిద్దామని తెచ్చాను."

కంప్యూటర్‌తో పాటు ఆయన ఒక సంచి కూడా తెచ్చారు. అందులో పద్నాలుగు డీవీడీ-ఆర్ డిస్కులు. ఒక్కటీ పూర్తిగా బర్న్ కాలేదు, అంటే రాయడం పూర్తవలేదు, పారేయడానికి మనసొప్పక దాచారట. డ్రైవ్ కంప్యూటర్ లోపల బిగించే మామూలు శాటా (డ్రైవ్‌లను కంప్యూటర్‌కు కలిపే తీగల రకం) డీవీడీ రైటర్, 16ఎక్స్ దాకా, అంటే డీవీడీ మూల వేగానికి పదహారు రెట్ల దాకా, రాసే రకం. ఏ డిస్కు పెట్టినా చక్కగా చదువుతుంది, రాయమంటే మాత్రం మొరాయిస్తుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన మూడు బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు మార్చి, విండోస్ కూడా ఒకసారి మళ్లీ వేయించారు.

ఈ మధ్య ఏమైనా మార్చారా అని అడిగాను. డ్రైవ్ జోలికి ఎవరూ వెళ్లలేదన్నారు. అప్పుడప్పుడు కంప్యూటర్ క్షణంపాటు బిగుసుకుపోయి మళ్లీ కదులుతుందని కూడా చెప్పారు. అది వేరే సంగతిలే అనుకుని రాసుకోలేదు. రాసుకుని ఉంటే ఈ కేసు ఒక్క రోజులో ముగిసేది.

ముందు సంచి బల్ల మీద బోర్లించాను. చెడిన డిస్కును చెత్త అనుకుంటారు కానీ, డ్రైవ్ ఎక్కడ చేతులెత్తేసిందో దాని మీదే ఉంటుంది. రాసిన డీవీడీని అడుగు వైపు తిప్పి దీపం కింద ఏటవాలుగా పడితే రాసిన మేర ఒక ఛాయ, రాయని మేర ఇంకో ఛాయ కనిపిస్తాయి. రాయడం మధ్య రంధ్రం వైపు నుంచి అంచు వైపు సాగుతుంది కాబట్టి, ఛాయ మారిన గీత దగ్గర డ్రైవ్ ఆగిపోయిందన్నమాట.

పద్నాలుగింటినీ అలా ఒక్కొక్కటే తిప్పి చూస్తే రెండు కుప్పలు తేలాయి. తొమ్మిది డిస్కుల మీద రాసిన పట్టీయే లేదు. మిగతా ఐదింటి మీద మంచి వెడల్పైన పట్టీ ఉంది. గీత దాదాపు ఒకే చోట, స్కేలుతో కొలిస్తే కేంద్రం నుంచి 44 నుంచి 46 మిల్లీమీటర్ల మధ్య, ఆగిపోయింది. ఐదు డిస్కులు వేర్వేరు రోజుల్లో రాసినవి. అంత దగ్గర దగ్గరగా ఆగడం కాకతాళీయం కాదు.

సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టాలు, అంటే లాగులు, తీస్తే వాటిలోని ఎర్రర్లూ రెండు రకాలే. ఏమీ రాయనివాటికి 3/73/03, అంటే పవర్ కాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్. సగంలో ఆగినవాటికి 3/0సీ/00, రైట్ ఎర్రర్. మొదటి అంకె 3 ఉంటే డ్రైవ్ "తప్పు డిస్కుదే" అంటోందని అర్థం. ఆ మాట పూర్తిగా నమ్మనక్కర్లేదు. తన లెన్స్ మీద దుమ్ముందని డ్రైవ్‌కు తెలియదు, దానికి కనిపించేదల్లా డిస్కు సరిగ్గా కనబడటం లేదనే.

రెండు కుప్పలు, రెండు ఎర్రర్లు. రెండు జబ్బులని అప్పుడే అనుకోవాల్సింది. నేను ఒకే జబ్బుకు రెండు లక్షణాలు అనుకున్నాను.

కాలిబ్రేషన్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఖాళీ డిస్కు లోపల ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ తాకిడికి ఆ రంగు మారిన చోటే గుర్తు. ఎంత పవర్ పెడితే సరిగ్గా మారుతుందన్నది డిస్కు డిస్కుకీ, వేగం వేగానికీ, డ్రైవ్ వేడికీ మారిపోతుంది. అందుకే రాయడం మొదలుపెట్టే ముందు డ్రైవ్ డిస్కు లోపలి అంచున, అందుకోసమే వదిలిన చోట, రకరకాల పవర్లలో కాస్త కాస్త రాసి, తిరిగి చదివి, ఏది బాగా వచ్చిందో ఎంచుకుంటుంది. ఏదీ బాగా రాకపోతే 73/03 ఇచ్చి ఊరుకుంటుంది. అంటే ఆ తొమ్మిది డిస్కుల్లో అసలు డేటా మొదలే కాలేదు. ఈ సంగతి చివర్లో పనికొచ్చింది.

"మరి చదువుతోంది కదండీ, లేజర్ పోతే చదవదు కదా" అని ఆయన అడిగారు. మంచి ప్రశ్నే. చదివేటప్పుడు డిస్కు మీద పడే వెలుగు ఒక మిల్లీవాట్ అటూ ఇటూ. రాసేటప్పుడు పదుల మిల్లీవాట్లు కావాలి. లెన్స్ మసకబారి నాలుగో వంతు వెలుగు తినేసినా చదవడం నడిచిపోతుంది, తక్కువ వెలుగును సర్దుకోవడం చదివే సర్క్యూట్‌కు వచ్చు. రాయడానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి డ్రైవ్ చదువుతోందన్న ఒక్క ముక్కతో లేజర్ బాగుందనీ చెప్పలేం, రాయడం లేదన్న ఒక్క ముక్కతో పోయిందనీ చెప్పలేం.

సాఫ్ట్‌వేర్ వైపు ఎక్కువసేపు గడపలేదు. బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు వేసి తీసేస్తూ ఉంటే విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే మిగుళ్లు పడి డ్రైవే మాయమవడం నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ డ్రైవ్ కనిపిస్తోంది, పైగా విండోస్ కొత్తగా వేసింది. డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, తయారీదారు ఇచ్చిన చివరిదే ఉంది. డ్రైవ్ ఏ డిస్కుకు ఏ తీరున రాయాలో ఫర్మ్‌వేర్‌లోని పట్టిక చూసుకుంటుంది. డిస్కు మీద ముందే ముద్రించి ఉండే మీడియా కోడ్ చదివి ఆ పట్టికలో వెతుకుతుంది. ఈ డిస్కుల కోడ్‌ను అది గుర్తుపడుతోంది కూడా. సరే, అటు వైపు తలుపు మూసేశాను.

తర్వాత ఒక సీడీ-ఆర్ రాసి చూశాను. ఇది నేను ఎప్పుడూ చేసే పరీక్ష, ఖర్చు ఒక్క సీడీ. డ్రైవ్‌లో పిక్‌అప్, అంటే లెన్స్, లేజర్లు ఉండే భాగం, ఒకటే అయినా లేజర్లు రెండు: సీడీకి 780 నానోమీటర్లది, డీవీడీకి 650ది. సీడీ రాసి డీవీడీ రాయకపోతే కేబుల్, మోటార్లు, సాఫ్ట్‌వేర్ చాలావరకు నిర్దోషులు, అనుమానం 650 దారి మీదికి పోతుంది. సీడీ 16ఎక్స్‌లో చక్కగా రాసింది. ఆ 16ఎక్స్ అన్న మాట గుర్తుంచుకోండి. సీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ మాత్రమే, డీవీడీకి 1ఎక్స్ అంటే 1,385 కేబీ. సీడీ 16ఎక్స్ అంటే డ్రైవ్‌కు షికారు కింద లెక్క, శ్రమ కాదు. దాన్ని చూసి కరెంటు సరఫరా కూడా బాగుందనుకోవడం నా తప్పు.

డ్రైవ్ విప్పాను. కేబుళ్లు పీకాక, ముందు వైపు సూదిరంధ్రంలో పేపర్ క్లిప్ తోసి ట్రే బయటికి లాగి, అడుగున నాలుగు స్క్రూలు తీశాను. విప్పిన డ్రైవ్‌కు కరెంటు ఇవ్వకండి. పెట్టెలో ఉన్నంతసేపే అది కంటికి హాని లేని వస్తువు. 780 లేజర్ మన కంటికి దాదాపు కనిపించదు, కనిపించనిదే ఎక్కువ ప్రమాదం.

లెన్స్ చిటికెన వేలి గోరులో సగమంత ఉంటుంది. వెంట్రుకంత సన్నని తీగల మీద వేలాడుతూ, ముట్టుకుంటే ఊగుతుంది. పక్క నుంచి టార్చి వేసి చూస్తే దాని మీద దుమ్ము రేణువులు కావు, ఒక పలుచని మబ్బు, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసకలాంటిది. దూదిపుల్లకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క తగిలించి, బరువు ఆనించకుండా, మధ్య నుంచి బయటికి గుండ్రంగా తిప్పాను. దూది పసుపు పచ్చగా వచ్చింది. ఆరాక పొడి పుల్లతో ఇంకోసారి. గోళ్ల రంగు తీసే ద్రవం వాడేవాళ్లున్నారు, లెన్స్ ప్లాస్టిక్‌దైతే అది తెల్లబారిపోతుంది. చిన్న బ్రష్షులు అంటించిన క్లీనింగ్ డిస్కుల మీద కూడా నాకు నమ్మకం లేదు. వేగంగా తిరుగుతూ లెన్స్‌ను కొట్టుకుంటూ పోయే బ్రష్షు ఇలాంటి జిడ్డు మబ్బును తీయదు, పులుముతుంది.

బిగించి కొత్త డిస్కు పెట్టాను. కాలిబ్రేషన్ వెంటనే దాటింది. 4ఎక్స్‌లో పూర్తిగా రాసి, వెరిఫై కూడా, అంటే రాసింది తిరిగి చదివి సరిచూడటం కూడా, అయింది. నాకు సంతోషం, ఆయనకు ఇంకా సంతోషం. కంప్యూటర్ పట్టుకెళ్లారు.

మూడో రోజు ఫోన్. "మళ్లీ అదేనండీ. ఈసారి మొదలవుతోంది, సగంలో పోతోంది."

ఏ వేగం పెట్టారని అడిగాను. "గరిష్ఠమే, ఎప్పుడూ అదే పెడతాను." నేను పరీక్షించింది 4ఎక్స్‌లో, ఆయన వాడేది 16ఎక్స్‌లో. వాడే తీరులో పరీక్షించకుండా బాగైందని పంపించేశాను. రెండో కుప్పలోని ఐదు డిస్కులూ నా బల్ల మీదే ఉన్నాయి, వాటి ముఖం మళ్లీ చూడలేదు.

ఈసారి ఆ గీత దగ్గరే కూర్చున్నాను. 45 మిల్లీమీటర్లు. డీవీడీలో డేటా కేంద్రం నుంచి 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 58 దగ్గర ముగుస్తుంది. కంటికి పట్టీ మూడింట రెండు వంతుల దాకా వచ్చినట్టు కనిపిస్తుంది కానీ, చుట్టు పెరిగేకొద్దీ చోటు పెరుగుతుంది కాబట్టి లెక్క వేస్తే డేటాలో సగమే. లాగులో 49 నుంచి 55 శాతం మధ్య ఆగినట్టుంది. సరిపోయింది.

అయితే సగం దగ్గర ఏముంది? డిస్కులో ఏమీ లేదు, వేగంలో ఉంది. ఈ డ్రైవ్ 16ఎక్స్ రాసేటప్పుడు డిస్కును ఒకే చుట్ల వేగంతో, నిమిషానికి దాదాపు 9 వేల చుట్లతో తిప్పుతుంది. 16ఎక్స్ అనేది అంచు దగ్గరికి చేరినప్పటి మాట. లోపల మొదలైనప్పుడు అది 6.6ఎక్స్ మాత్రమే, 45 మిల్లీమీటర్ల దగ్గర సుమారు 12ఎక్స్. వేగం పెరిగిన కొద్దీ లేజర్ ఒక్కో గుర్తు మీద నిలిచే సమయం తగ్గుతుంది, అందుకు పవర్ పెంచాలి. అంటే డ్రైవ్ 12ఎక్స్ దాకా అడిగినంత పవర్ ఇవ్వగలుగుతోంది, ఆ తర్వాత ఇవ్వలేకపోతోంది. నా 4ఎక్స్ పరీక్షలో వేగం మొదటి నుంచి చివరి దాకా 4ఎక్సే, ఆ గోడ దాకా వెళ్లనే లేదు.

లేజర్ వయసు మీరినా ఇలాగే ఉంటుంది. మొదట చెప్పినవాళ్ల తీర్పే నిజమా అని నాకూ అనిపించింది. తేల్చుకోవడానికి సూటి దారి మార్చి చూడటం. నా దగ్గర బాగా పనిచేస్తున్న డ్రైవ్ ఒకటి ఆయన కంప్యూటర్‌లో, ఆయన డ్రైవ్‌కున్న అదే కేబుళ్లకు తగిలించి 16ఎక్స్‌లో రాశాను. 70 శాతం దగ్గర పోయింది! ఆయన డ్రైవ్ నా కంప్యూటర్‌లో పెట్టి అదే పెట్టెలోని ఇంకో డిస్కు రాస్తే చివరి దాకా వెళ్లింది. డ్రైవ్ నిర్దోషి, డిస్కూ నిర్దోషి. తప్పు ఆయన కంప్యూటర్ డబ్బాలో ఉంది.

డబ్బా పక్కరేకు తీశాను. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఒకే ఒక నాలుగు పిన్నుల పాతకాలపు ప్లగ్గు, దాన్నుంచి మూడు కొమ్మలుగా చీలిన స్ప్లిటర్. ఒక కొమ్మ డీవీడీ రైటర్‌కు, మిగతా రెండూ రెండు హార్డ్ డిస్కులకు. రెండో హార్డ్ డిస్కు ఎప్పుడు పెట్టించారని అడిగితే, "అదా, నాలుగైదు నెలలైంది. చోటు చాలక పెట్టించాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందాండీ?" అన్నారు. నేను మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఆయన అబద్ధం చెప్పలేదు. డ్రైవ్ జోలికి ఎవరూ వెళ్లలేదు, నిజమే. నేను అడగాల్సింది డబ్బా ఎప్పుడు తెరిచారని.

మల్టీమీటర్ పెట్టాను. 5 వోల్టుల లైనుకు అటూ ఇటూ 5 శాతం దాకా చెల్లుతుంది, అంటే 4.75 కంటే దిగకూడదు. స్ప్లిటర్ అవతలి వైపు, డ్రైవ్ ఊరికే ఉన్నప్పుడు 5.01. బర్న్ మొదలయ్యాక 4.93. నలభై శాతం దాటుతుంటే 4.79. యాభై దగ్గర 4.66 చూపించింది, బర్న్ పోయింది. అదే క్షణంలో ఎస్‌ఎంపీఎస్ వైపు, ప్లగ్గుకు ఇవతల, 5.00 కదలకుండా ఉంది. 0.34 వోల్టులు ఆ ఒక్క ప్లగ్గు దగ్గర మాయమవుతున్నాయి. లైను మీద 3 ఆంపియర్లు పోతున్నాయనుకుంటే ఆ జాయింటు దగ్గర ఓమ్‌లో పదో వంతు నిరోధం. మామూలు మీటర్ ఒక్క క్షణపు పతనాన్ని చూపించదు, సగటే చూపిస్తుంది. హార్డ్ డిస్కులు చదవడమో రాయడమో మొదలుపెట్టిన ప్రతిసారీ నిజంగా పడేది ఇంకా లోతే అయి ఉంటుంది. కంప్యూటర్ క్షణంపాటు బిగుసుకుపోవడం అదే.

ప్లగ్గు లాగి చూస్తే ఎర్ర తీగ పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, అంచు మెత్తబడి ఉంది. లోపలి రేకు గొట్టం వదులై, మగ పిన్ను దానిలో లొడలొడలాడుతోంది. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే డిస్కులు చెడటంతో పోయేది కాదు, ఆ ప్లగ్గు కాలేది. ఈ స్ప్లిటర్లలో పోతపోసిన ప్లాస్టిక్ తలకాయలున్నవి నేను వాడను. లోపల తీగ ఎలా అతుక్కుందో కనిపించదు, వేడెక్కాక గానీ తెలియదు.

ఎస్‌ఎంపీఎస్‌కు వాడకుండా మడిచిపెట్టిన నేరు శాటా పవర్ తీగ ఒకటి ఉంది. పాపం, మొదటి నుంచీ అక్కడే ఉంది. రైటర్‌ను దానికి తగిలించి, హార్డ్ డిస్కులకు కొత్త తీగ వేశాను. ఇప్పుడు 16ఎక్స్ బర్న్ 90 శాతం దగ్గర కూడా 4.97. వరసగా మూడు డిస్కులు చివరి దాకా రాశాను, వెరిఫై చేశాను.

వాటిలో ఒకదాన్నీ, 8ఎక్స్‌లో రాసిన ఇంకొకదాన్నీ ఎర్రర్ స్కాన్ కూడా చేశాను, అంటే చదివేటప్పుడు ఎన్ని తప్పులు దొర్లుతున్నాయో లెక్కపెట్టాను. డీవీడీలో వరస 8 ఈసీసీ బ్లాకులకు (తప్పులు సరిదిద్దే వివరాలతో కలిపి కట్టిన డేటా ముక్కలు) పీఐ ఎర్రర్లు (డ్రైవ్ చదువుతూ పట్టుకునే తప్పులు) 280 దాటకూడదని ప్రమాణం. 16ఎక్స్‌లో రాసింది చివర్లో ఆ హద్దుకు కాస్త దగ్గరగా పోయింది, 8ఎక్స్‌లో రాసింది చాలా కిందే ఉంది. అందుకే ఆయనకు 8ఎక్స్ పెట్టమని చెప్పాను. రాసే సమయంలో తేడా కొన్ని నిమిషాలే. దాచుకోవడానికి రాసేవాళ్లు గరిష్ఠ వేగం ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంతకీ రెండు జబ్బుల్లో ఏది ముందు? డిస్కుల మీద ఆయన తేదీలు రాసుకున్నారు. సగంలో ఆగిన ఐదూ ముందువి, హార్డ్ డిస్కు పెట్టించిన తర్వాతి వారాలవి. ఏమీ రాయనివి ఆ తర్వాతవి. లెన్స్ మబ్బు నెమ్మదిగా పేరుకుంటూ వచ్చి, చివరికి కాలిబ్రేషనే దాటనివ్వకుండా చేసింది. కొత్త జబ్బు పాతదాన్ని కప్పేసింది. కప్పు తీయగానే పాతది బయటపడింది. తేదీలు చూసి ఉంటే ఇదీ మొదటి రోజే తెలిసేది.

ల్యాప్‌టాప్‌కు తగిలించే సన్నని యూఎస్‌బీ రైటర్లలో ఇదే జబ్బు వేరే వేషంలో వస్తుంది. వాటికి ఉన్నదంతా 5 వోల్టుల లైనే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. రాసేటప్పుడు చాలా డ్రైవ్‌లు అంతకంటే ఎక్కువ లాగుతాయి. చదువుతుంది, రాయదు అని ఎవరైనా అలాంటిది తెస్తే నేను ముందు పొడుగాటి కేబుల్, మధ్యలోని హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ వెనుక పోర్టుకు పెట్టి చూస్తాను. లెన్స్ ఆ తర్వాత.

పిక్‌అప్ మీద చిన్న స్క్రూలాంటిది తిప్పి లేజర్ పవర్ పెంచుకునే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఈ డ్రైవ్ మీద ఎవరైనా అది ప్రయోగించి ఉంటే నాలుగు రోజులు రాసి, ఆ తర్వాత లేజర్ నిజంగానే పోయేది.

ఆయన వచ్చినప్పుడు సంచి తిరిగి ఇచ్చాను. సగంలో ఆగిన ఐదు డిస్కులకు చేసేదేమీ లేదు, డీవీడీ-ఆర్ ఒక్కసారి రాసేదే. "ఇవి కూడా పారేయండి" అంటూ తొమ్మిదీ నా వైపు తోశారు. వాటిలో డేటా మొదలే కాలేదు, పరీక్ష చోటు కొంత ఖర్చయింది, అంతే. సీడీ-ఆర్‌లో ఆ పరీక్షలకు వంద విడతల చోటు ఉంటుంది. డీవీడీలోనూ ఒకటి రెండు ప్రయత్నాలకు అయిపోదు. ఆయన ఎదుటే ఒకటి పెట్టి 8ఎక్స్‌లో రాశాను. కాలిబ్రేషన్ దాటింది, రాసింది. మిగతావి ఇంటికి తీసుకెళ్లి రాసుకున్నారు. తొమ్మిదింటిలో ఎనిమిది బాగా వచ్చాయట. ఒకటి మాత్రం ఆయన దగ్గరా రాయలేదు, నా దగ్గరికి తెస్తే నా డ్రైవ్‌లోనూ 73/03 అనే చెప్పింది. అడుగున చూస్తే లోపలి అంచు మీద స్పష్టంగా ఒక బొటనవేలి ముద్ర. తుడిచి చూశాను, ప్లాస్టిక్‌లో గీత కూడా పడి ఉంది. దాన్ని మాత్రం పారేశాం.